రీలు పేలితేనే తుపాకి

మా తరంవాళ్ళు నలుగురు కూర్చుని దీపావళి కబుర్లలో పడితే కాసేపటికి తుపాకులు బయటికొస్తాయి. ఎవరిది నల్లది, ఎవరిది వెండి రంగుది, ఎవరి మేనమామ బెజవాడ నుంచి ఎంత పెద్దది తెచ్చిపెట్టాడు, ఇదే వరస. నేను వింటూ ఊరుకుంటాను గానీ లోపల ఒప్పుకోను. తుపాకిదేముంది? రెండు రేకు ముక్కలు, ఒక స్ప్రింగు, ఒక సుత్తి. పేలేది రీలు. వాసనొచ్చేది రీలు. అన్నదమ్ముల మధ్య తగువు పెట్టింది రీలు. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకీ పక్షపాతం అనుకున్నా ఫర్వాలేదు. ఆటతుపాకి చరిత్ర ఎవరైనా రాస్తే అది రీలు చరిత్ర కావాలి.

మాది తెనాలి. డెబ్భైల్లో దసరా వెళ్ళిందో లేదో బోసు రోడ్డులో ఫ్యాన్సీ షాపుల ముందు తుపాకులు వరసగా పురికొసకి వేలాడేవి. పలచటి రేకుని అచ్చు కొట్టి ఎడమ చెంప, కుడి చెంప రెండుగా చేసేవాళ్ళు. ఒకదాని అంచున చిన్న చిన్న కొక్కేలు ఉండేవి. వాటిని రెండోదాని సందుల్లో దూర్చి మడతపెడితే తుపాకి తయారు. పిడి మీద గుర్రం బొమ్మో నక్షత్రమో ఉబ్బెత్తుగా ఉండేది. గొట్టం కొస మూసుకుపోయి ఉండేది, అందులోంచి ఏదీ బయటికొచ్చే పని లేదు. పక్క రేకు ఒకటి తలుపు మాదిరి తెరుచుకునేది. లోపల ఒక మేకు. రీలుని ఆ మేకుకి తొడిగి, కొస పైకి లాగి, సుత్తి కింద ఉండే దిమ్మె మీదుగా వచ్చేటట్టు పెట్టి తలుపు మూయాలి. ట్రిగ్గరు నొక్కితే లోపలున్న రేకు ముక్క కాగితాన్ని సరిగ్గా ఒక చుక్క మేర పైకి నెట్టాలి, వెంటనే సుత్తి వచ్చి ఆ చుక్క నెత్తిన పడాలి. ఇన్నీ కుదరాలి. కుదిరేవి కావు. చుక్కకీ చుక్కకీ మధ్య ఉత్త కాగితం మీద సుత్తి పడి టక్కుమనేది. అప్పుడు తలుపు తీసి, కాగితాన్ని వేలితో కాస్త పైకి జరిపి మళ్ళీ మొదలు. కాలిన కాగితం నల్లటి చిల్లులతో తుపాకి నెత్తి మీంచి వేలాడుతూ పొడుగవుతుండేది. దాన్ని ఎప్పటికప్పుడు చింపేసేవాళ్ళు కొందరు. నేను చింపేవాణ్ణి కాదు. ఎంత వేలాడితే అంత కాల్చినట్టు లెక్క.

రీలు కాగితం ఎర్రటిది. వెడల్పు అరంగుళం కూడా ఉండదు. రెండు పలచటి కాగితాల మధ్య ఆవగింజంత మందు చుక్కలు వరసగా ఉంటాయి. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమినా ఒక్కొక్కటీ తగులుతుంది. రీళ్ళు చిన్న గుండ్రటి అట్ట డబ్బీల్లో వచ్చేవి. చుక్కలు విడివిడిగా కత్తిరించిన బిళ్ళలు కూడా దొరికేవి, అవి ఇంకా చవక. తుపాకి కొనలేని ఇళ్ళలో ఆ బిళ్ళలే తుపాకి. అరుగు మీద పెట్టి గులకరాయితో కొడితే శబ్దంలో ఏ లోటూ రాదు. ఆడపిల్లలకి తుపాకి కొనిపెట్టే అలవాటు మా వీధిలో లేదు. మా అక్కకి దాని అవసరమూ లేదు. బిళ్ళని గోడకి ఆనించి గోటితో సర్రున గీసి పేల్చేది. గోరు సందున కాలితే నెయ్యి రాసుకునేది, అమ్మకి తెలియనిచ్చేది కాదు.

ఒకసారి మా నాయనమ్మ సన్నికల్లు పొత్రం దొడ్లోకి ఎత్తుకెళ్ళి, విప్పని రీలు మొత్తం బండ మీద పెట్టి, పొత్రం నిలువునా ఎత్తి ఒక్క పోటు పొడిచాను. కట్టేసిన గేదె పలుపు తెంపుకుంది. చెవుల్లో చాలాసేపు ఈల. పొత్రం అంచున నల్లటి మచ్చ పడింది. "పచ్చడి నూరుకునే రాయిరా అది సచ్చినోడా, దాన్తో నీ మందుగుండేంట్రా!" అని నాయనమ్మ వీపు మీద ఒకటి వేసింది. ఆ రోజే నాకు తెలిసింది, రీలుకి తుపాకితో పనే లేదని.

ఇక ఆట. దొంగా పోలీసు ఆడితే మాకు ఒక్కటే చట్టం: పేలితేనే దెబ్బ. నోటితో ఢాం అంటే చెల్లదు. తుస్సుమన్నా చెల్లదు. గురి ఎటున్నా ఫర్వాలేదు, తుపాకి ఆకాశం వైపు పెట్టి కాల్చినా ఎదుటివాడు పడాల్సిందే, కాకపోతే పేలాలి. గుండు లేని తుపాకికి మరి ఇంకేం ఆధారం? దాంతో ఎవడి దగ్గర పొడి రీళ్ళున్నాయో వాడే మొనగాడు. నాన్న దీపావళి సరుకంతా చాప మీద పోసి అన్నదమ్ములకి వాటాలేసేవాడు. మతాబుల్లో, చిచ్చుబుడ్లలో ఒకటి ఎక్కువ తక్కువైనా గొడవ లేదు. రీళ్ళ డబ్బీల దగ్గర మాత్రం కళ్ళల్లో వత్తులేసుకుని చూసేవాళ్ళం. మా పెద్దన్నయ్య తన వాటా నాగుల చవితి దాటేదాకా తీసేవాడు కాదు. మేమంతా ఖాళీ తుపాకులతో తిరుగుతుంటే అప్పుడు బయటికొచ్చి ఒక్కొక్కణ్ణే తీరిగ్గా చంపేవాడు.

మా ఆటలకి కథలు సినిమాలిచ్చాయి. తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు' 1971లో వచ్చింది. ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, రాజస్థాన్ ఎడారిలో షూటింగు. అందులో గుర్రమెక్కిన కృష్ణది మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న బుర్రిపాలెం. ఇక మాకు పట్టపగ్గాలుంటాయా? నాకు ఊహ తెలిసి ఆ సినిమా చూసింది అది రెండోసారో మూడోసారో హాలుకి తిరిగొచ్చినప్పుడు. దాని పుణ్యమా అని తుపాకికి తోలు సంచీ కావాల్సొచ్చింది. చెప్పులు కుట్టే ఆయన పాత చెప్పుల తోలుతో కుట్టిచ్చేవాడు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' వచ్చాక ఆట మారింది. 1922 ఆగస్టులో రాజు మన్యంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు ఎత్తుకెళ్ళాడు కదా, మాకు వీధిలో మూడు అరుగులు మూడు స్టేషన్లు. అరుగు మీది తుపాకి తీసుకుని చీటీ రాసిపెట్టి పోవాలి. రాజుని పట్టుకోవడానికి వచ్చిన దొర రూథర్‌ఫర్డు వేషానికి మాత్రం ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. ఆ పాత్ర వేసిన జగ్గయ్యదీ తెనాలి పక్కన మోరంపూడే అని పెద్దవాళ్ళు చెబితే, అప్పుడొకడు గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

రీలుకి ఒకటే జబ్బు, చెమ్మ. మాది కృష్ణా డెల్టా. ఊళ్ళో కాలువలు, ఊరి చుట్టూ వరి చేలు. పైగా దీపావళి వచ్చేది సరిగ్గా వాయుగుండాల రోజుల్లో. పండగకి వారం ముందు నుంచి ప్రతి డాబా మీదా చేటల్లో మందుగుండు ఎండేది. మా నాయనమ్మ పొద్దున మాగాయ ముక్కల్ని ఎండబెట్టినంత శ్రద్ధగా మతాబులు పరిచి, మధ్యాహ్నం తిరగేసి, మబ్బు కనపడితే అందరికంటే ముందు అరిచేది. రీళ్ళు మాత్రం ఎండలో పెట్టనిచ్చేది కాదు. చూరు కింద నీడలో, కాగితం మీద. ఎవరు చెప్పారో తెలియదు గానీ ఆ మాట నూటికి నూరుపాళ్ళూ సరైనది.

1977లో దీపావళి నవంబరు 11న వచ్చింది. కార్తీక పౌర్ణమికని రెండు డబ్బీలు బీరువా మీద దాచాను. 19న ఉప్పెనొచ్చింది. మా వంటింటి పెంకులు లేచిపోయి రాత్రంతా వాన ఇంట్లోనే కురిసింది. మా సంగతి పెద్ద లెక్కలోది కాదు. దివిసీమలో, రేపల్లె వైపు సముద్రం పక్క ఊళ్ళు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం లెక్కల ప్రకారమే పోయినవాళ్ళు దాదాపు 10,000 మంది. నాన్న వాళ్ళు బియ్యం మూటలు కట్టుకుని అటు వెళ్ళారు. బీరువా మీంచి గోడ పొడుగునా రీళ్ళ ఎర్ర రంగు కారిన చార ఒకటి మళ్ళీ సున్నం వేసేదాకా ఉండిపోయింది.

ఈ చెమ్మ గోల మా ఇంట్లోనే కాదు, రీలు పుట్టిన చోటే మొదలైంది. ఉద్యోగంలో చేరాక లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేస్తూ ఆ కథ చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

స్కాట్లండులో బెల్‌హెల్వీ అనే పల్లెలో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే పాదిరి ఉండేవాడు. ఆదివారం ప్రసంగం, మిగతా రోజుల్లో పిట్టల వేట. అప్పటి తుపాకుల్లో చెకుముకి రాయి నిప్పురవ్వ ముందు పక్కనున్న పళ్ళెంలో మందుని అంటించేది, ఆ మంట లోపలికి పోయి గుండుని తోసేది. పళ్ళెంలో భగ్గుమనడానికీ గుండు బయటికి రావడానికీ మధ్య ఒక్క లిప్తకాలం. బాతులకి అది చాలు, మంట చూసి మునిగేవి. పాదిరిగారికి కోపమొచ్చింది. నిప్పుతో కాకుండా దెబ్బతో పేలే మందు పెట్టి, పైన సుత్తి బిగించి 1807లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత ప్రపంచంలో తుపాకులన్నీ ఆ దారి పట్టాయి. మా రేకు తుపాకిలో సుత్తి ఆ పాదిరిగారిది.

కాగితం రీలు ఇచ్చింది ఇంకొకాయన, వాషింగ్టన్‌లో పళ్ళ డాక్టరు ఎడ్వర్డ్ మేనార్డ్. దెబ్బకి పేలే మందుని ఒక్కొక్క రాగి టోపీలో పెట్టి, గుండు గుండుకీ సిపాయి దాన్ని చేత్తో తొడగాల్సొచ్చేది. చలిలో, హడావుడిలో వేళ్ళు వణికితే టోపీ కింద పడేది. మేనార్డు రెండు కాగితం పట్టీల మధ్య మందు చుక్కలు వరసగా పెట్టి, చుట్ట చుట్టి, తుపాకి పక్కనున్న చిన్న గూట్లో పెట్టాడు. సుత్తి వెనక్కి లాగినప్పుడల్లా చుట్ట ఒక చుక్క ముందుకు జరుగుతుంది. ఇది 1845 నాటి పేటెంటు. చదువుతుంటే నా బొటనవేలికి ఎర్ర కాగితం తగిలింది. మా తుపాకి తలుపు, మేకు, రీలు, జరిపే రేకు ముక్క అన్నీ ఇవే. అమెరికా సైన్యానికి ఇది తెగ నచ్చింది. జెఫర్సన్ డేవిస్ యుద్ధ శాఖ మంత్రిగా ఉండగా 1855 మోడల్ తుపాకులన్నిటికీ ఈ రీలు గూడు పెట్టించారు. తీరా వాడబోతే కాగితం చెమ్మగిల్లేది, గూట్లో బురద చేరేది, చుక్క సుత్తి కిందికి సరిగ్గా వచ్చేది కాదు. 1861 మోడల్‌కి వచ్చేసరికి తీసిపారేశారు. అంతర్యుద్ధం ముగిశాక కనెక్టికట్‌లో క్రామ్‌వెల్ ఊరి స్టీవెన్స్ కంపెనీ లాంటివాళ్ళు పోత ఇనుముతో పిల్లల పిస్తోళ్ళు పోసి, పేలే కాగితాన్ని ఆటవస్తువు చేశారు. సైన్యం ఏ జబ్బు ఉందని వదిలేసిందో, ఆ జబ్బుతోనే అది తెనాలి దాకా వచ్చింది. ఆ సైన్యంలో మా నాయనమ్మ చేట ఒక్కటి ఉంటే కథ వేరేగా ఉండేదేమో!

మేనార్డు చుక్కలో ఉన్నది పాదరసంతో చేసిన ఫల్మినేటు. పిల్లల చేతికి ఇవ్వదగ్గ సరుకు కాదది. మన రీలులో ఉన్న రెండు వస్తువులూ అగ్గిపెట్టెలో ఉంటాయి. పుల్ల తలకాయలో పొటాషియం క్లోరేటు, పెట్టె పక్కన గరుకు పట్టీలో ఎర్ర భాస్వరం. రెండూ విడివిడిగా ఉన్నంతసేపూ బుద్ధిమంతులు, రాస్తే అంటుకుంటాయి. ఆ రెంటినీ వేరుగా ఉంచడమే సేఫ్టీ అగ్గిపెట్టెలో ఉన్న సేఫ్టీ. రీలులో ఆ రెంటినీ ఒకే చుక్కలో కాపురం పెట్టిస్తారు. అందుకే దెబ్బ పడీపడగానే పేలుతుంది. క్లోరేటు తక్కువదేం కాదు. దాన్ని కనిపెట్టిన ఫ్రెంచి రసాయనవేత్త బెర్తొలే, తుపాకిమందులో సూరేకారం బదులు దాన్ని వేసి చూద్దామన్నాడు. 1788లో పారిస్ దగ్గర ఎసోన్‌లో పెట్టిన ఆ పరీక్షలో ఇద్దరు చనిపోయారు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో లావోయిజే, ఆయన భార్య కూడా ఉన్నారు, కాస్త ముందే పక్కకి వెళ్ళారు కాబట్టి బతికారు. ఎర్ర భాస్వరం 1845లో వియన్నాలో ష్రోటర్ చేతిలో బయటపడింది. అదే 1845, మేనార్డు పేటెంటు ఏడే. క్లాసులో ఈ రెండు తేదీలూ బోర్డు మీద పక్కపక్కన రాసేవాణ్ణి. పిల్లలు పరీక్షలో వస్తుందా సార్ అని అడిగేవాళ్ళు. రాదనేవాణ్ణి. పెన్నులు కింద పెట్టేవాళ్ళు.

పేలాక వచ్చే తెల్లటి పొగ భాస్వరం ఆక్సైడు. గాల్లో తడి కనిపిస్తే చాలు, తాగేసి ఫాస్ఫారిక్ ఆమ్లం అయిపోతుంది. వెనక మిగిలేది పొటాషియం క్లోరైడు, అంటే ఉప్పు అక్కచెల్లెలు. ఆమ్లం ఒకటి, ఉప్పు ఒకటి, డెల్టా గాలి ఒకటి, మధ్యలో పలచటి రేకు! సంక్రాంతి నాటికి సుత్తి చుట్టూ తుప్పు. ఉగాదికి ట్రిగ్గరు కదలదు. అటక మీంచి పోయినేటి తుపాకి దించి కిరసనాయిలు పోసి రుద్దినా అది మొరాయించేది. మళ్ళీ దీపావళికి నాన్న జేబు చూడాల్సిందే. వస్తువు మన్నిక లేదని షాపువాణ్ణి తిట్టుకునేవాళ్ళం గానీ తుపాకిని తినేసింది దాని రీలే.

రీళ్ళ డబ్బీ మీద మేం చదవలేని అరవ అక్షరాలుండేవి. శివకాశి నుంచి వచ్చేవి. శివకాశిలో వానలు తక్కువ, నేల మెట్ట, సేద్యం అంతంతమాత్రం. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు దాయాదులు 1920ల మొదట్లో కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల పని నేర్చుకుని వచ్చి సొంత ఊళ్ళో పెట్టారు. పొడిగాలి ఊరు కావడం వాళ్ళకి కలిసొచ్చింది. అగ్గిపుల్ల తెలిసినవాడికి రంగు అగ్గిపుల్ల, దాని నుంచి బాణసంచా అడుగు దూరం. 1940లో పేలుడు పదార్థాల లైసెన్సు నిబంధనలు వచ్చాయి, యుద్ధంతో బయటి సరుకు రావడం ఆగింది, శివకాశిలో ఒక్కొక్కటే ఫ్యాక్టరీలు లేచాయి. రీలు మందుని పొడిగా కలపడమంటే చావుని పిలవడమే. అందుకే బంక నీళ్ళతో ముద్దలా కలిపి, తడిగా ఉండగానే కాగితం మీద చుక్కలు పెట్టి, పైన ఇంకో కాగితం అతికించి ఆరబెడతారు. తడి ఆరిన క్షణం నుంచీ అది ప్రమాదం. అంటే చెమ్మ మాకు శత్రువు, చేసేవాళ్ళకి ప్రాణరక్ష.

శివకాశి పేరు వినగానే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. అగ్గిపెట్టెల, బాణసంచా పనుల్లో అక్కడ పిల్లల్ని పెట్టేవాళ్ళు. తెల్లారకముందే ఊళ్ళ మీదికి బస్సులొచ్చి వాళ్ళని ఎక్కించుకుని పోయేవని ఎనభైల్లో పత్రికలు రాశాయి. ఎం.సి. మెహతా అనే లాయరు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పిచ్చింది: ప్రమాదకరమైన పనిలో పెట్టిన ఒక్కొక్క పిల్లకీ యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధికి కట్టాలి, పిల్లని బడికి పంపాలి, ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా పని చూపించాలి. మేం చుక్క చుక్క లెక్కపెట్టుకుని మురిసిన రోజుల్లో మా ఈడు పిల్ల ఎవరో ఆ ఊళ్ళో కాగితాలు అతికిస్తూ కూర్చుంది. పాత తుపాకుల ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే ముచ్చట ఆగిపోతుందని భయం. ఆగితే ఆగనీ.

చట్టం మాత్రం రీలుని ముద్దుబిడ్డలా చూసింది. మా ఊళ్ళో పెద్ద కుర్రాళ్ళు గంధకం, పొటాషు (అంటే ఆ క్లోరేటే) కలిపిన పచ్చటి పొడి పొట్లాలు కొని, నట్టుబోల్టు మధ్యలో కూరి రోడ్డు మీదికి విసిరేవాళ్ళు. ఇనప గొట్టంలో పోసి, మేకు దోపి, గోడకేసి బాదేవాళ్ళు. ఆ బాదుడుకి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. గంధకాన్ని క్లోరేటుతో కలిపి పేలుడు సరుకు చెయ్యకూడదని, దగ్గర ఉంచుకోకూడదని కేంద్రం 1992 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. అందులో మినహాయింపులు కాసినే: సైన్సు ప్రయోగాలకి కొద్దిపాటి సరుకు, అగ్గిపుల్లల తలలు, ఆట పిస్తోళ్ళకి వాడే కాగితం బిళ్ళలు. ఢిల్లీలో ఎవరో ఆఫీసరు ఎర్ర సిరాతో ఒక్కొక్క సరుకే కొట్టేస్తూ వచ్చి పిల్లల పిస్తోలు దగ్గర కలం ఆపాడని ఊహించుకుంటే నాకు ఆయన మీద అభిమానం కలుగుతుంది.

రీలుని దెబ్బతీసింది చట్టం కాదు, ప్లాస్టిక్ రింగు. ఎర్రటి ప్లాస్టిక్ చక్రంలో ఎనిమిది చిన్న గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో చుక్క. రివాల్వరు మాదిరి తిరుగుతుంది, కాగితం ఇరుక్కోదు, చెమ్మ అంత తొందరగా ఎక్కదు, శబ్దం కూడా పెద్దది. మేనార్డు చూస్తే కళ్ళకద్దుకునేవాడు. నాకు నచ్చదు. ఎనిమిది కాల్చాక ఆట ఆపి రింగు మార్చాలి, వేలాడే కాగితం లేదు, ఎంత కాల్చావో చూపించుకోవడానికేమీ లేదు. ఆ తర్వాత తిరణాళ్ళలో చైనా తుపాకులు దిగాయి. కొన్ని పసుపుపచ్చ ప్లాస్టిక్ గుళ్ళు నిజంగానే విసిరేవి, కొన్ని బ్యాటరీతో లైట్లు వెలిగి టరటరమనేవి. గుళ్ళవి కళ్ళకి ప్రమాదం, బ్యాటరీవి చెవులకి. 2021 జనవరి నుంచి ఆటబొమ్మలన్నిటికీ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయ్యాక ఆ సరుకు కొంత తగ్గింది. రీళ్ళు చావలేదు. ఇప్పటికీ దీపావళి కొట్లలో ఓ మూల, కాకరపువ్వొత్తుల పెట్టెల కింద, అదే ఎర్ర కాగితం కనిపిస్తుంది.

2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకి, 'మోసగాళ్ళకు మోసగాడు' మళ్ళీ హాళ్ళలోకి వచ్చింది. బొమ్మ కొత్తగా మెరుగుపెట్టారు. మా ఈడువాళ్ళు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కారు. తెరమీద తుపాకి పేలినప్పుడల్లా వెనకవరసలో ఎవరో రింగు తుపాకి పేల్చారు. ఇంకొకాయన లేచి, "రీలు వెయ్యవయ్యా, రింగేంటి నీ మొహం!" అన్నాడు. నేను కాదు.

మా అమ్మాయి వాళ్ళుండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్. మనవడికి తుపాకి బొమ్మ కొనడం వాళ్ళింట్లో నిషిద్ధం. మొదట్లో నాకు ఇది చాదస్తంగా తోచింది. ఆ దేశంలో 1988 చట్టం ప్రకారం ఆటతుపాకి మొనకి నారింజరంగు ముక్క ఉండాలి, నిజం తుపాకి అని పోలీసు పొరబడకుండా. అదే ఒహాయోలో క్లీవ్‌లండ్ ఊళ్ళో 2014 నవంబరులో పన్నెండేళ్ళ నల్లజాతి పిల్లాడు పార్కులో ఆటతుపాకి పట్టుకుని తిరుగుతుంటే, పోలీసు కారు వచ్చి ఆగిన క్షణాల్లోనే కాల్చేశారు. ఆ తుపాకికి నారింజరంగు ముక్క ఊడిపోయి ఉంది. అమ్మాయి ఈ సంగతి చెప్పాక నేను మళ్ళీ తుపాకి మాట ఎత్తలేదు. మా వీధిలో పిల్లాడి చేతిలో తుపాకి చూస్తే పెద్దవాళ్ళు చచ్చినట్టు నటించేవాళ్ళు. అక్కడ లెక్క వేరు.

పోయిన డిసెంబరులో వాళ్ళు వచ్చారు. అది దీపావళి కాదు, మందుగుండు కొట్లు లేవు. బోసు రోడ్డులో నేను ఎప్పుడూ కొనే కొట్టాయన లోపలికి వెళ్ళి, మిగిలిపోయిన అట్టపెట్టె ఒకటి దులిపి, బిళ్ళల డబ్బీలు, రెండు రీళ్ళు చేతిలో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు. తడి వాసన కొట్టాయి. ఇంటికి తెచ్చి రెండు రోజులు నీడలో చేటలో ఆరబెట్టాను. తుపాకి కొనలేదు. అమ్మాయి వద్దన్నది తుపాకిని, నేను మాట తప్పే మనిషిని కాను. దొడ్లో నాయనమ్మ సన్నికల్లు ఇంకా ఉంది, పొత్రమూ ఉంది. వాడికి నా పాత ప్రయోగశాల కళ్ళద్దాలు పెట్టి, చెవుల్లో దూది కుక్కి, ఒక బిళ్ళ బండ మీద పెట్టి, పొత్రం నేను పట్టుకుని, వాడి చేతులు నా చేతుల మీద వేయించి దించాను. మొదటిది తుస్సుమంది. రెండోది పేలింది. వాడు అంతెత్తున ఎగిరి, పొగ దగ్గరికి ముక్కు పెట్టి, "తాతయ్యా, అగైన్!" అన్నాడు. ఒక బిళ్ళ, తర్వాత రెండు కలిపి, తర్వాత నాలుగు. వాడి చూపు చేటలో విప్పని రీలు మీద పడింది.

మేడ మీంచి అమ్మాయి గొంతు వినిపించింది. "నాన్నా, ఏం చేస్తున్నారు అక్కడ? ఏంటా చప్పుడు?"

"పచ్చడి నూరుతున్నామమ్మా," అన్నాను.